2020లో మా పాప అడ్మిషన్: టీచరుకు ఐదు, ఆఫీసుకు ఒకటి

స్కూలు పేరు రాయడం లేదు. పాప ఇంకా అక్కడే చదువుతోంది, ఈ 2022 జూన్‌లో మూడో తరగతికి వెళ్తుంది, నా రాతల వల్ల ఆ పిల్లకు ఏ ఇబ్బందీ రాకూడదు. కూకట్‌పల్లి వైపు మాలాంటి మధ్యతరగతి వాళ్లు పిల్లల్ని చేర్పించే స్కూళ్లలో ఒకటి అనుకోండి. ఇప్పుడు మళ్లీ ఏ కరెంటు స్తంభం చూసినా 'అడ్మిషన్లు జరుగుతున్నవి' అన్న ఫ్లెక్సీలే. మా వీధిలోనే ముగ్గురు "అక్కా, మీ పాప స్కూలు ఎలా ఉంది, చేర్పించొచ్చా" అని అడిగారు. ఒక్కొక్కరికీ సగం సగం చెప్పే బదులు అంతా ఒకచోట రాద్దామని కూర్చున్నాను.

ముందే చెప్పేస్తాను. పాపకు దొరికిన క్లాస్ టీచరుకు ఐదుకు ఐదు. అడ్మిషన్ ఆఫీసుకు ఒకటి, అది కూడా 2021 సెప్టెంబరులో స్కూలు తెరిచాక శానిటైజర్, బెంచీల దూరం, తాగునీళ్ల విషయంలో తీసుకున్న జాగ్రత్తకు ఇస్తున్నాను.

మేము స్కూలు చూడ్డానికి వెళ్లింది 2020 ఫిబ్రవరిలో. పాప అప్పుడు మా వీధి చివరి చిన్న బడిలో యూకేజీ. ఒకటో తరగతి నుంచి పెద్ద స్కూల్లో వేద్దామని మా ఆయన పట్టుదల. ఆఫీసులో కౌన్సెలర్ అని ఒకమ్మాయి ఉంది, చాలా మర్యాదగా మాట్లాడింది, మమ్మల్ని వెంటబెట్టుకుని ఈత కొలను, స్కేటింగ్ చేసే చోటు, కంప్యూటర్ ల్యాబ్, ఏసీ క్లాసులు అన్నీ చూపించింది. ఒక్క టీచరుతో కూడా మాట్లాడించలేదు. అప్పట్లో అది నాకు తట్టలేదు కూడా, పాప ఆ నీళ్ల వైపే చూస్తూ నిలబడిపోతే నేను పాపను చూస్తూ నిలబడిపోయాను.

అప్లికేషన్, బ్రోచర్ కలిపి 1,000 రూపాయలు. మాకు శుభలేఖల ప్రింటింగ్ షాపు ఉంది కాబట్టి కాగితం చేతిలోకి తీసుకుంటే దాని ధర నాకు తెలిసిపోతుంది. మందపాటి ఆర్ట్ పేపరు, అట్ట మీద మ్యాట్ లామినేషన్, లోపల పన్నెండు పేజీల రంగుల ఫోటోలు, మా షాపులో వేసినా ఒక్కోటి అరవై రూపాయలకు మించదు. ప్రైవేటు స్కూళ్లు అప్లికేషన్‌కు 100, రిజిస్ట్రేషన్‌కు 500, తిరిగి ఇవ్వాల్సిన కాషన్ డిపాజిట్‌గా 5,000 మించి తీసుకోకూడదని ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఒక జీవో చెబుతోందని తర్వాత ఎప్పుడో తెలిసింది. మా దగ్గర అడ్మిషన్ ఫీజు 25,000, కాషన్ డిపాజిట్ 10,000 తీసుకున్నారు. "సీట్లు ఇంకా ఆరే ఉన్నాయి మేడమ్, రేపటికి ఉంటాయో లేదో చెప్పలేను" అంది ఆ అమ్మాయి. మా ఆయన అక్కడే ఫోన్‌పే చేసేశారు. మార్చి మొదటి వారంలో పుస్తకాలు, రెండు జతల యూనిఫాం, బూట్లకని ఇంకో 9,400. అంటే పాప ఆ గేటు లోపల ఒక్క పూట కూడా కూర్చోకముందే 45,400 రూపాయలు వెళ్లిపోయాయి.

మార్చి మధ్యలో కరోనాతో స్కూళ్లు మూసేశారు. 22న జనతా కర్ఫ్యూ, వెంటనే లాక్‌డౌన్. శుభలేఖల వ్యాపారానికి వేసవి ముహూర్తాలే ఏడాది తిండి. అప్పటికే ప్రింటు చేసి కట్టలు కట్టి పెట్టిన కార్డులు తీసుకెళ్లడానికి కూడా ఎవరూ రాలేదు, పెళ్లిళ్లన్నీ వాయిదా పడ్డాయి. తర్వాత పెళ్లికి 50 మందికి మించకూడదన్నారు, 50 మందిని పిలవడానికి కార్డులెందుకు, వాట్సాప్‌లో ఒక ఫోటో పెడితే సరిపోతుంది. అద్దె మాత్రం నెలనెలా కట్టాలి. ఇద్దరు కుర్రాళ్లకు జీతం ఇవ్వాలి. ఈ పరిస్థితిలో ఏప్రిల్ రెండో వారంలో స్కూలు నుంచి మెసేజ్, మొదటి టర్మ్ ఫీజు కట్టకపోతే సీటు వేరేవాళ్లకు ఇచ్చేస్తామని. లాక్‌డౌన్ మధ్యలో, పోలీసులు రోడ్డు మీదకు రానివ్వని రోజుల్లో ఆ మెసేజ్. అది చదివి ఆ రాత్రి ఇద్దరం నిద్రపోలేదు.

ఏప్రిల్ 21న తెలంగాణ ప్రభుత్వం జీవో 46 ఇచ్చింది. 2020-21లో ప్రైవేటు స్కూళ్లు ఏ ఫీజూ పెంచకూడదు, ట్యూషన్ ఫీజు మాత్రమే తీసుకోవాలి, అది కూడా నెలనెలా తీసుకోవాలి. పేపర్లో చదివి ఎంత ఊపిరి పీల్చుకున్నామో చెప్పలేను. వెంటనే ఆఫీసుకు ఫోన్ చేశాను. "అది పాత పిల్లలకు మేడమ్, కొత్త అడ్మిషన్లకు వర్తించదు" అన్నారు. జీవో కాపీ తెప్పించుకుని రెండుసార్లు చదివాను, అందులో పాత పిల్లలు, కొత్త పిల్లలు అన్న తేడా ఎక్కడా కనపడలేదు. ఆ మాటే మెయిల్ చేస్తే జవాబు లేదు.

మే నెలలో 'ఇంటరాక్షన్' అన్నారు, జూమ్‌లో. డబ్బు తీసుకున్న మూడు నెలలకు పిల్లను చూస్తారట. ఎర్రగా ఉన్న వస్తువు ఏదైనా తెచ్చి చూపించమంటే పాప పరుగున వెళ్లి, పోయిన పెళ్లిళ్ల శుభలేఖల కట్ట తెచ్చి కెమెరా ముందు పెట్టింది. వాళ్లు నవ్వారు, బాగుంది అన్నారు, అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ప్రశ్నలు మాకు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉందా, వైఫై ఉందా, తండ్రి ఆదాయం ఎంత, ఈ పరిస్థితిలో ఫీజు కట్టగలరా, తల్లి ఇంగ్లిష్‌లో మాట్లాడగలదా. మా ఆయన ముఖం చూడలేకపోయాను. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం చేర్చుకునేటప్పుడు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ ఇలాంటి వడపోత పెట్టకూడదు, పెడితే మొదటిసారికి 25,000, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 వరకు జరిమానా. ఆ రోజు నాకు ఈ సంగతి తెలిసి ఉంటే ఒక్క ప్రశ్నకు కూడా జవాబు చెప్పి ఉండేదాన్ని కాదు. పేరు మారినా పరీక్ష పరీక్షే, దాన్ని ఇంటరాక్షన్ అంటున్నారు, అంతే.

ఇక రసీదు సంగతి. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఇదే, కాస్త వివరంగా చెబుతాను. ఫిబ్రవరిలో మాకిచ్చిన ఫీజుల కాగితంలో ఏడాదికి 85,000 అని ఉంది. అందులో ట్యూషన్ ఫీజు 48,000, మిగతా 37,000 స్మార్ట్ క్లాస్, లైబ్రరీ, ల్యాబ్, ఆటలు, వార్షికోత్సవం, మెయింటెనెన్స్ అని విడివిడిగా రాసి ఉన్నాయి. జూన్‌లో మొదటి వాయిదా కట్టమని పంపిన కాగితంలో ఆ వరసలన్నీ మాయం. ఒకే ఒక్క వరస, 'ట్యూషన్ ఫీజు 85,000'. ఫీజు పెంచలేదు, ట్యూషన్ ఫీజే తీసుకుంటున్నాం, జీవో పాటిస్తున్నాం అని వాళ్ల వాదన. శుభలేఖల్లో ఒక్క అక్షరం తప్పు పోకుండా ప్రూఫులు దిద్దే పని నాది, ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే నాకు చేతులు వణికాయి. ఈత కొలనుకు, వార్షికోత్సవానికి అని చెప్పి తీసుకునే డబ్బు, కొలనూ లేదు వార్షికోత్సవమూ లేదు అని తెలిసిన ఏడాదిలో, పేరు మార్చి తీసుకుంటున్నారు. మాలాగే చాలా స్కూళ్లలో ఇదే జరిగిందని తర్వాత పేపర్లలో, పేరెంట్స్ సంఘాల వాళ్ల మాటల్లో విన్నాను.

ఫిబ్రవరి కాగితం దాచి ఉంచడమే మమ్మల్ని కాపాడింది. ఒకటో తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఆ రెండు కాగితాల ఫోటోలూ పెట్టాను. సగం మంది దగ్గర పాతది లేదు, పారేశారట. అందరం కలిసి లెటర్ రాసి సంతకాలు పెట్టి స్కూల్లో ఇచ్చాం, ఒక కాపీ జిల్లా విద్యాశాఖాధికారి ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాం. రెండు నెలలు తిరిగాక స్కూలువాళ్లు 15 శాతం 'కరోనా రాయితీ' అని ప్రకటించారు. అంటే 85,000కు బదులు 72,250. జీవో ప్రకారం మేము కట్టాల్సింది 48,000. అందుకే దాన్ని రాయితీ అని ఒప్పుకోలేను, అయినా పిల్ల చదువు మధ్యలో ఉంది, కట్టేశాం.

ఆ రెండు నెలల్లో జరిగినది ఒకటి చెప్పాలి. ఆగస్టులో ఒక పొద్దున పాప తలకు రెండు జడలు వేయించుకుని, పుస్తకం తెరిచి పెట్టుకుని, ట్యాబ్ ముందు కూర్చుంది. లింకు నొక్కితే 'కాసేపు ఆగండి, లోపలికి అనుమతిస్తారు' అన్న తెర వచ్చింది, అలాగే ఉండిపోయింది. అయిదు నిమిషాలు, పది, ఇరవై. "అమ్మా, టీచర్‌కు నేను కనపడట్లేదా" అంటుంది. నెట్ పోయిందేమో అని మా ఆయన ఫోన్ హాట్‌స్పాట్ పెట్టారు. అదీ కాదు. గ్రూపులో అడిగితే తెలిసింది, ఫీజు బాకీ ఉన్న పిల్లల పేర్లు ఆఫీసు నుంచి టీచర్లకు పంపారట, వాళ్లను లోపలికి రానివ్వొద్దని. ఆరేళ్ల పిల్లను ఫీజు కోసం తెర బయట నిలబెట్టారు. నాలుగు రోజులు అలా కూర్చుంది. ఇది ఎప్పటికీ మర్చిపోలేను, క్షమించలేను కూడా.

ఆ నాలుగు రోజులూ సాయంత్రం ఆరు దాటాక పాప క్లాస్ టీచర్ తన సొంత ఫోన్ నుంచి నాకు వాయిస్ మెసేజ్‌లు పంపారు. ఆ రోజు ఏం చెప్పారో, ఏ పేజీ చేయించాలో, పాపకు ఎలా చెబితే అర్థమవుతుందో. నాలుగో రోజు వీడియో కాల్ చేసి, "పాపను ఒకసారి ఇవ్వండమ్మా, నన్ను తప్పుగా అనుకుంటుందేమో" అన్నారు. ఆ మాట విన్నాక ఈ స్కూలు మాన్పించాలన్న ఆలోచన పక్కన పెట్టాను.

ఆవిడ గురించి ఎంత చెప్పినా తక్కువే. క్లాసులో 38 మంది. మొదట్లో స్కూలువాళ్లు జూమ్ ఉచిత ఖాతా వాడేవాళ్లు, సరిగ్గా 40 నిమిషాలకు తెగిపోయేది, పిల్లలు మళ్లీ లింకు నొక్కి రావడానికి పది నిమిషాలు. ఏడాదికి 85,000 అడిగే స్కూలు ఇలా చేయడం నాకు చాలా బాధనిపించింది (తర్వాత మైక్రోసాఫ్ట్ టీమ్స్‌కు మారారు). ఒకరి ఇంట్లో మిక్సీ, ఒకరి ఇంట్లో కుక్కర్ విజిల్, ఒక బాబు నిద్ర. ఆవిడ వారం చూసి, తనంతట తానే పిల్లల్ని పన్నెండు, పదమూడు మంది చొప్పున మూడు గుంపులు చేసి మధ్యాహ్నం విడివిడిగా అరగంట కూర్చోబెట్టుకునేవారు. లెక్కలకు శనగలు, చింతపిక్కలు, బియ్యం డబ్బా మూతలు. ప్రైవేటు స్కూళ్లలో కూడా తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చాక పేరుకు ఒక పీరియడ్ పెట్టి వదిలేసేవాళ్లను చూశాను. ఈవిడ మాత్రం ఆ పీరియడ్‌లో ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్లుంటే పక్కన కూర్చోబెట్టమనేవారు. గుడివాడ నుంచి పది రోజులుందామని వచ్చి లాక్‌డౌన్‌లో మా ఇంట్లోనే చిక్కుకుపోయిన మా అమ్మ, ముప్ఫై ఎనిమిది మంది పిల్లలకు కోతి, మొసలి కథ చెప్పింది. పాప ఆ కథ విన్నాకే 'మొ', 'స', 'లి' కూడబలుక్కుని చదివింది. ఆన్‌లైన్ చదువు వల్ల ఏమీ రాలేదని చాలామంది అంటారు, మా పాపకు మాత్రం తెలుగు చదవడం ఆ ఏడాదే వచ్చింది, అది పూర్తిగా ఆవిడ చలవ.

పిల్లలు రోజంతా తెరల ముందు కూర్చోకూడదని కేంద్రం 2020 జూలైలో 'ప్రజ్ఞత' అని మార్గదర్శకాలు ఇచ్చింది, ఒకటి నుంచి ఎనిమిది వరకు రోజుకు రెండు క్లాసులే, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు. మా స్కూల్లో అప్పటిదాకా నాలుగు పెట్టేవాళ్లు, అది వచ్చాక తగ్గించారు. అడిగితే తగ్గించలేదు, రూలు వచ్చాక తగ్గించారు. అయినా తగ్గించారు కాబట్టి రాస్తున్నాను.

2021 ఏప్రిల్‌లో ఆ టీచర్ మానేశారు. ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన నెల అది. ఆవిడ ఆ దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఎలా పెట్టాలో అడగడానికి నాకు ఫోన్ చేశారు, షాపులో కంప్యూటర్ ఉంది కదా అని. వివరాలు ఎక్కిస్తూ మాటల్లో అడిగితే చెప్పారు, 2020లో రెండు నెలలు జీతమే లేదు, జూన్ నుంచి సగం జీతం. మేము కట్టిన 72,250 'ట్యూషన్ ఫీజు' అయితే, ట్యూషన్ చెప్పిన మనిషికి సగం జీతం ఎలా వచ్చింది? ఇది నేను ప్రిన్సిపాల్‌ను ముఖం మీదే అడిగాను. "మేనేజ్‌మెంట్ నిర్ణయం" అన్నారు. అడ్మిషన్‌కు వెళ్లేవాళ్లు ఈ సంగతి అడగాలని ఎవరికీ తోచదు, నాకూ తోచలేదు. టీచర్లకు ఎంతిస్తున్నారు, ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు అని అడగండి. చెప్పకపోయినా, అడిగినప్పుడు వాళ్ల ముఖం చూడండి.

రెండో ఏడాది ఫీజు 10 శాతం పెంచుతామని మెసేజ్ పెట్టారు. 2021 జూన్ 28న జీవో 75 వచ్చింది, మళ్లీ పెంచకూడదు, మళ్లీ ట్యూషన్ ఫీజే అని. ఈసారి గ్రూపులో అందరి దగ్గరా పాత కాగితాలు సిద్ధంగా ఉన్నాయి, గొడవ వారంలో తేలిపోయింది.

మా పక్కింటివాళ్ల సంగతి కూడా రాయాలి, వాళ్ల పిల్లలిద్దరూ ఇదే స్కూలు. ఆయన క్యాబ్ నడిపేవారు, సెకండ్ వేవ్ తర్వాత ఇక కట్టలేక పిల్లల్ని ప్రభుత్వ బడిలో వేద్దామనుకున్నారు. బాకీ తీర్చేదాకా టీసీ ఇవ్వబోమన్నారు ఇక్కడ. ఆయన టెన్షన్‌తో సరిగ్గా తినడం మానేశారు. చివరికి భయపడుతూనే ప్రభుత్వ బడికి వెళ్తే, అక్కడ హెడ్మిస్ట్రెస్ గారు "టీసీ తర్వాత చూసుకుందాం, ముందు పిల్లల్ని పంపించండి నాయనా" అన్నారట. టీసీ ఆలస్యమైందని అలాంటి బడిలో పిల్లల్ని చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్‌లోనే ఉంది. ఇది తెలియక ఎంతమంది తల్లిదండ్రులు అప్పులు చేసి బాకీలు కట్టారో.

2021 సెప్టెంబరు 1న స్కూళ్లు తెరిచారు. పాప రెండో తరగతిలో మొదటిసారి తన స్కూలుకు వెళ్లింది. ముందు రోజు రాత్రి బీరువాలోంచి యూనిఫాం తీశాను, కవరు కూడా విప్పలేదు. రెండు జతలూ చిన్నవయిపోయాయి. బూట్లలో వేళ్లే దూరలేదు. తీసుకుని వేరేవి ఇవ్వమని అడిగితే కుదరదన్నారు, కొత్తవి మళ్లీ వాళ్ల దగ్గరే కొనాలి. ఆ పాత జతలు పక్కవీధి పాపకు ఇచ్చేశాం. సాయంత్రం ఇంటికొచ్చాక పాప చెప్పిన మొదటి మాట, "అమ్మా, నీళ్లు లేవు అక్కడ". చేరేముందు మాకు చూపించిన కొలను. ఈ వేసవి సెలవులిచ్చేదాకా అది ఎండిపోయే ఉంది. జనవరిలో మళ్లీ మూసేశారు, ఫిబ్రవరి 1న తెరిచారు. లెక్కేస్తే రెండేళ్లలో పాప ఆ స్కూల్లో కూర్చుంది ఏడు నెలలు.

స్కూల్ తెరిచాక మాత్రం పిల్లల్ని బాగా చూసుకున్నారు, ఆ మాట దాచను. బెంచీకి ఒక్కరే, మధ్యాహ్నం బయట చెట్టుకింద దూరం దూరంగా తినడం, జ్వరం అనిపిస్తే వెంటనే ఫోన్. కొత్త క్లాస్ టీచర్ కూడా మంచావిడే.

చేర్పించొచ్చా అని అడిగినవాళ్లకు నా జవాబు ఇది. సీట్లు ఆరే ఉన్నాయంటే నమ్మకండి, ఆ ఏడాది పాప సెక్షన్‌లో సెప్టెంబరు దాకా కొత్త పిల్లలు చేరుతూనే ఉన్నారు. ఫీజుల కాగితం విడివిడి వరసలతో, స్కూలు ముద్రతో తీసుకోండి, ఫోటో తీసి ఇద్దరు ముగ్గురి ఫోన్లలో ఉంచండి. కాషన్ డిపాజిట్‌కు వేరే రసీదు అడగండి, అది తిరిగి రావాల్సిన డబ్బు. యూనిఫాం క్లాసులు మొదలయ్యే వారమే కొనండి. ఈత కొలను చూడటం అయ్యాక, ఒకటో తరగతి టీచరుతో పది నిమిషాలు మాట్లాడాలని గట్టిగా అడగండి, కుదరదంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఫీజుల నియంత్రణకు చట్టం తెస్తామని 2022 జనవరిలో తెలంగాణ మంత్రివర్గం చెప్పింది, వస్తే మంచిదే, వచ్చేదాకా ఆ కాగితమే మన చేతిలో ఉన్న ఆధారం.

పాపను అక్కడే ఉంచుతున్నాం, స్నేహితులు కుదిరారు, ఇప్పుడిప్పుడే బడికి అలవాటు పడింది. చిన్నోడికి మాత్రం ఈ ఏడాది నర్సరీకి పాప యూకేజీ చదివిన ఆ వీధి చివరి బడిలోనే ఫారం తీసుకున్నాం. ఫారం 100 రూపాయలు. నర్సరీ టీచర్ తొమ్మిదేళ్లుగా అక్కడే ఉన్నారు, నేను అడగకముందే వచ్చి పక్కన కూర్చుని వాడికి ఏం తినడం ఇష్టమో అడిగారు. ఫీజు వరసలన్నీ చేత్తో రాసి ముద్ర వేసి ఇచ్చారు. సోమవారం వెళ్లి చేర్పిస్తున్నాం.